డేగల సినిమాలో మీ అబ్బాయి

ఫుజైరా,
12 జనవరి 2006, గురువారం.

గౌరవనీయులైన అత్తగారు కుబ్రా బేగం గారికి మీ పెద్ద కోడలు సల్మా వేయి సలాములతో రాస్తున్నది. అల్లా దయ వల్ల ఇక్కడ మేము ముగ్గురం క్షేమం. చలికి మీ మోకాళ్ళ నొప్పులు ఎక్కువ కాలేదని తలుస్తాను.

బక్రీద్ నాడు ఫోన్‌లో మీరు ఉత్తరం రాయమన్నారు. ఫోన్ మాట ఒక్కరి చెవిలోనే పడుతుందని, ఉత్తరమైతే అరుగు మీద పదిమందికీ చదివించవచ్చని అన్నారు. అందుకే మీ అబ్బాయి పక్కన కూర్చుని చెబుతుంటే నేను రాస్తున్నాను. అబ్దుల్ రహీం మాస్టారు చదివేటప్పుడు మీ చిన్నబ్బాయి ఆసిమ్‌కు కుదిరిన పిల్ల మాహిరాను, ఆమె నాన్న అమీర్ జాన్ గారిని పిలిపించి ముందు కూర్చోబెట్టాలట. ఐదో తరగతి చదివిన దాని రాత కోడి గీరినట్టుంటుందని మీరంటారు కదా. ఈసారి గుండ్రంగా రాశాను, మాస్టారు ఎక్కడా ఆగనవసరం లేకుండా.

సంగతేమిటంటే, ఢిల్లీ దూరదర్శన్ కోసం సినిమాలు తీసేవాళ్ళు రెండు నెలల కిందట ఇక్కడికి వచ్చారు. కథల సినిమాలు కావు, ఉన్నది ఉన్నట్టు చూపించేవి. శుక్రవారం నాలుగు గంటలకు ఒక్కొక్కటి వేస్తారు. ఇరవయ్యో తేదీ పాత కోటలు, ఇరవై ఏడున తోలుబొమ్మలు చేసేవాళ్ళు, ఫిబ్రవరి మూడున అరబ్బు దేశపు డేగలు. ఆ మూడోదానిలో మీ అబ్బాయి షాహబాజ్ గారు కనిపిస్తారు. తెల్లటి అరబ్బు అంగీ, చేతికి తోలు తొడుగు, దాని మీద డేగ. కళ్ళగంత తీసి వదిలితే అది కొండ దాకా పోయి మళ్ళీ ఆయన చేతి మీదే వాలింది. వచ్చినవాళ్ళు సేఠ్ జీ అన్నారని రాయమంటున్నారు.

ఆ రోజు టీవీ బయట అరుగు మీద పెట్టించండి. కరెంటు పోతే మైకు సెట్టువాళ్ళ బ్యాటరీ తెప్పించండి. షాహబాజ్ ఏం మేనేజర్‌లే అని వెక్కిరించిన వాళ్ళను మరచిపోకుండా పిలవండి, వాళ్ళకు టీ కూడా ఇప్పించండి అంటున్నారు.

ఆసిమ్ నిఖా అనుకున్నట్టే ఇరవై ఏడున, జుమ్మా నమాజు అయ్యాక, ఫోన్‌లో జరుగుతుంది. వారం తిరిగేసరికి కొత్త కోడలు బావగారి దర్జా టీవీలో చూసుకోవచ్చు. మాహిరా వీసా కూడా వచ్చేసింది. సల్మా లాగే మాహిరా కూడా ఇక్కడ రాణిలా బతుకుతుందని రాయమన్నారు. రాశాను.

మీ దువా కోరే కోడలు,
సల్మా

తా.క.: ఇక్కడిదాకా మీ అబ్బాయి చెప్పినది. ఆయన ఇప్పుడు డేగలకు మేత వేయడానికి వెళ్ళారు. ఇక రాసేది నా సొంతం. మాస్టారూ, ఇదీ గట్టిగానే చదవండి.

ఆయన మేనేజర్ కాదు. మాకు వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, ఇక్కడి మాటలో కఫీల్, ఆయన ఇంట్లో పదకొండు డేగల రెట్ట ఎత్తి, పావురాలు కోసి వాటికి పెట్టే మనిషి. ఆ తెల్ల అంగీ కఫీల్‌ది. కెమెరా పని అవగానే విప్పించి నాతోనే ఉతికించారు. ఆసిమ్‌కు ఆఫీసు లేదు, అదే ఇంట్లో కార్లు కడుగుతాడు. నేను గచ్చు తుడుస్తాను. అత్తమ్మా, ఇక్కడి పనులేమిటో మీకు నా పెళ్ళికి ముందే తెలుసు.

పక్షిని దించాక నేను ఇచ్చిన టీ తాగుతూ వాళ్ళు ఊరికే అడిగినట్టు అడిగారు. కెమెరా ఆగిపోయిందనుకుని ఆయన చెప్పేశారు. "ఈ డేగకు పాస్‌పోర్టుంది సాబ్. పోయినేడు వేటకని పాకిస్తాన్ పోయొచ్చింది. నా పాస్‌పోర్టు కఫీల్ బీరువాలో ఉండాది. ఊర్లో మాయమ్మ నన్ను ముదీర్, అదే మేనేజర్ అని చెప్పుకుంటాది. మీరు మాత్రం ఎవరికీ చెప్పొద్దండి."

వెళ్ళేముందు వాళ్ళలోని ఆడమనిషి వంటింట్లోకి వచ్చి, సినిమా మొత్తానికి ఆ మాటలే ప్రాణమని, వాటిని తీసేయబోమని నాతో అంది. ఈ సంగతి నేను ఆయనకు చెప్పలేదు. వెక్కిరించిన వాళ్ళకు టీ ఇప్పించమని ఆయన చెబుతుంటే, తల వంచుకుని రాశాను.

సినిమా వచ్చేదాకా నోరు మూసుకుందామనుకున్నాను. కాని నిఖా దానికి వారం ముందే పెట్టారు.

మాహిరా, నీ వీసా కాగితం నా చేతికి వచ్చింది. అరబీ అక్షరాలు కూడబలుక్కుని చదివాను. అందులో ఆసిమ్ భార్య అని లేదు, పనిమనిషి అని ఉంది. ఈ ఉత్తరం తెచ్చిన మున్నీబీ మా కఫీల్ వంటింట్లో పదేళ్ళు చేసింది. నడుము పనికిరాకుండా పోయిందని పంపించేస్తున్నారు. ఆ చోటు నీది. కొత్త పిల్ల పేరేమిటని నిన్న కఫీల్ భార్య, మా మేడమ్, అడిగితే ఆసిమ్ చెప్పాడు. మళ్ళీ ఇంకో పేరు ఎవరు గుర్తుపెట్టుకుంటారు, దీన్ని కూడా మున్నీ అనే పిలుద్దాం అంది మేడమ్.

ఆసిమ్ సరేనన్నాడు.