నాపాలో పోసిన సాక

బాపూ,

శుక్రవారంలోగా నేనొక మాట చెప్పాలి. నిన్నడగకుండా చెప్పలేను, అందుకే రాస్తున్నాను.

ఈరోజు ఇక్కడి వైన్ల ఊరు నాపాలో ఒక రెస్టారెంట్ వైన్ జాబితాకు మార్కులు వేసిన ముగ్గురిలో నేనూ ఉన్నాను! ద్రాక్షతోట పక్కనే బల్ల వేశారు. మొదటి గ్లాసు చేతికి రాగానే, నువ్వు కల్లు తాగే ముందు ఎల్లమ్మకు సాక పోసినట్టే, రెండు చుక్కలు నేల మీద పోశాను.

పక్కనున్న జడ్జి, డాక్టర్ మూర్తి అంకుల్, కంగారుపడ్డారు.

"ఏమ్మా, వైన్ పాడైందా? మార్కులు కట్ చేయాలా?"

"కాదంకుల్, సాక. ముందు అమ్మవారికి."

"ముందే చెప్పొద్దూ! నేను సగం తాగేశాను," అంటూ మిగిలిన దాంట్లోంచి ఆయనా పోశారు.

జాబితా చాంతాడంత ఉంది బాపూ, కానీ వాళ్లు మిరియాలు దట్టించి వండే చేపకు నప్పే వైన్ ఒక్కటీ లేదు. నేనది చెబితే మిగతా ఇద్దరూ ఒప్పుకున్నారు! ఇకపై ఏటా జడ్జిగా రమ్మంటున్నారు.

మనింట్లో ఎవరూ తొక్కని బడి గడప నాచేత తొక్కించావు. తాటిచెట్లెక్కే మోకు చూపించి, "ఇది నాతోనే పోవాలె బిడ్డా" అన్నావు. అలాగే నీతోనే పోయింది. ఇప్పుడు చూస్తే నేను గ్లాసుల్లో ముక్కుపెట్టి కూర్చున్నాను.

శుక్రవారంలోగా జవాబివ్వు. ఇష్టం లేనప్పుడే నువ్వు నోరు విప్పేవాడివి. ఏమీ అనకపోతే సరేనన్నావనుకుంటాను.