నువ్వు దాచిన థ్రాటిల్ బాడీ

తమ్ముడూ,

నువ్వు పోయి రేపటికి రెండేళ్ళు. ఇంజనుకు గాలి ఎక్కువ అందాలని నువ్వు కొని దాచిన పెద్ద థ్రాటిల్ బాడీని నిన్న నీ కారుకు బిగించాను. మిగతా ఇంజనంతా కంపెనీదే. నువ్వడిగితే వద్దన్నవాణ్ణి, నీ కూతురు శ్రావణి అడిగితే కాదనలేకపోయాను.

ఈ ఉదయం పెదకాకాని గుడి దగ్గర కారుకు పూజ చేయించాం. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, "మెల్లగా పోనివ్వమ్మా" అన్నారు పూజారి గారు. శ్రావణి యాక్సిలరేటర్ మీద కాలు ఆనించిందో లేదో, కారు ముందుకు దూకింది. ఆయన హారతి పళ్ళెంతో సహా పక్కకు గెంతారు.

"తొక్కమన్నది నిమ్మకాయల్నమ్మా, నన్ను కాదు!"

అందరూ నవ్వారు. నేను మాత్రం కిటికీలోంచి చెయ్యి పెట్టి ఇంజను ఆపేశాను.

"ఏం కాదు పెదనాన్నా, రెండ్రోజుల్లో అలవాటైపోద్ది," అంది శ్రావణి.

సోమవారం తను చీమకుర్తిలో ఉద్యోగంలో చేరాలి. రాళ్ళ లారీల మధ్య పోవాలి. ఆ రోడ్డు నాకు అలవాటేనని నువ్వూ అన్నావు, ఆఖరిసారి బైకు మీద వెళ్తూ.

ఇంటికి రాగానే పాతదే బిగించేశాను. కారు మెల్లగానే కదులుతోంది. అయినా సోమవారం పక్క సీట్లో నేనూ కూర్చుంటానన్నాను.

"ఎన్నాళ్ళు కూర్చుంటావు పెదనాన్నా?" అని అడిగింది.

నేను స్పానర్లు ఒక్కొక్కటే తుడిచి పెట్టెలో పెట్టాను.

అన్నయ్య