గొడుగు కథ చివర

అమ్మకు, నేను బాగానే ఉన్నానని రాయాలనే కూర్చున్నాను గానీ నీకు అబద్ధం రాయలేను.

నా తలనొప్పికి కారణం దొరికింది. మెదడు వెనక కొస పుర్రెలోంచి మెడలోకి జారి ఉందట. ఎక్కడో ఒకరికి పుట్టుకతోనే వస్తుందట. "దగ్గితే, నవ్వితే నొప్పి పెరుగుతుందా?" అని డాక్టరమ్మ అడిగింది. నాకు ఏడుపొచ్చింది. నవ్వితే అందరికీ తల పగిలిపోతుందని, వాళ్ళు ఓర్చుకుంటున్నారని, నాకే ఓర్పు లేదని అనుకున్నానమ్మా ఇన్నేళ్ళూ.

నాన్న నవ్వించబోతే మూతి బిగించుకునేదాన్ని. "మా జడ్జమ్మ కరగదు" అనేవారు. ఆఖరికి ఆసుపత్రి మంచం మీద ఆయన గొడుగు కథ ఎత్తుకున్నా, నవ్వొచ్చే చోటు రాకముందే లేచి బయటికి వచ్చేశాను. నాకు కోపమనుకునే పోయారు.

గురువారం ఆపరేషన్. వెనక జుట్టు తీసేస్తారు. తలకు కట్టుకోవడానికి నీ పాత నూలు చీర ఒకటి పంపు. కుట్టుపనికి టైలరుగారు నెల సెలవిచ్చారు. కంట్లో చుక్కలు వేసుకుంటున్నావా? తమ్ముణ్ణి కంగారుపడి బయల్దేరొద్దను. వాడికి నా ఆశీస్సులు.

ఆ గొడుగు కథ చివర ఏమవుతుందో నీకు తెలుసుగా. రాసి పంపు. కుట్లు విప్పాక చదువుకుంటాను.

నాన్న జడ్జమ్మ