ఫోటో కింద అడ్రస్

26 మే 2024, ఆదివారం

పొద్దున్నే యమున ఒడ్డుకి వెళ్లాను. మయూర్ విహార్‌లో మా ఫ్లాట్ నుంచి పావుగంట నడక. ఫూల్‌మతి కుటుంబం బదాయూఁ నుంచి వచ్చి ఇరవై ఏళ్లుగా అక్కడే సాగు చేసుకుంటోంది. వాళ్ల నలుగురికీ తిండి ఆ చేనే. పోయినేడు వరదకి అంతా కొట్టుకుపోయింది. ఈ ఏడు ఎండకి పాలకూర, సొరపాదులు మాడిపోయాయి.

మార్చిలో నేనిచ్చిన గోంగూర మాత్రం మోకాలెత్తున నిలబడింది! గుంటూరు నుంచి అమ్మ పంపిన విత్తనాలు. ఫూల్‌మతి దాన్ని దీదీ వాలా సాగ్, అంటే అక్క ఇచ్చిన ఆకుకూర అంటుంది. పిల్లలు మొదట మొహం చిట్లించారట, ఇప్పుడు రెండు పూటలా రొట్టెల్లోకి అదేనట. నాకెంత సంబరమో. ఆఫీసు యాప్‌లో ఫోటో తీశాను.

4 జూన్

వాతావరణ మార్పుకి రైతులు ఎలా సర్దుకుంటున్నారో చెప్పే ప్రెజెంటేషన్ నా నెత్తిన పడింది. డైరెక్టర్ రవికిరణ్ గారు, మనవాళ్లే, సొంత ఫీల్డ్ ఎగ్జాంపుల్ ఒక్కటీ లేదేమిటమ్మా అన్నారు. గోంగూర చేను పెట్టాను. ఫోటో కింద యాప్ వేసిన తేదీ, లొకేషన్ తీసేయనా అన్నాను. వద్దమ్మా, అదే కదా ప్రూఫ్ అన్నారు.

11 జూన్

చప్పట్లు! వేరే శాఖ ఆఫీసరొకాయన స్లైడ్ అడిగి మరీ తీసుకున్నాడు.

19 జూన్

ఫూల్‌మతి ఫోన్ చేసింది. చేను ఖాళీ చేయమని నోటీసు. వరద నీళ్లకి చోటు వదలాలట, పార్కు వస్తుందట. వరద తర్వాత అక్కడెవరూ లేరని వాళ్ల కాగితాల్లో ఉందట, మళ్లీ నాటిన సంగతి ఎవరు చెప్పారు దీదీ అని ఏడ్చింది.

తెలియదన్నాను.

21 జూన్

నోటీసిచ్చిన ఆఫీసుకి వెళ్లాను. ఆరోజు స్లైడ్ అడిగి తీసుకున్నాయనే ఉన్నాడు. ఫైల్లో నా స్లైడే. ఆపమని బతిమాలాను. పైనుంచి ఆర్డర్ వచ్చేసిందన్నాడు. మీ ఫోటో లేకపోతే మాకు తెలిసేదే కాదు మేడమ్ అని థాంక్స్ చెప్పి టీ తెప్పించాడు. తాగాను కూడా. సిగ్గు లేదు నాకు.

24 జూన్

జేసీబీ వచ్చింది.

25 జూన్

ఫ్లైఓవర్ కింద ప్లాస్టిక్ పట్టా కట్టుకున్నారు. నిజం చెప్పేద్దామనే వెళ్లాను. జేసీబీ రాకముందు కోసిన గోంగూరలో నాకోసం ఒక కట్ట దాచింది ఫూల్‌మతి. విత్తు కట్టకముందే చేను పోయింది, అమ్మనడిగి మళ్లీ తెప్పించు దీదీ అంది. ఎక్కడ వేస్తావని అడగలేదు. చెప్పాల్సిందీ చెప్పలేదు. కట్ట తెచ్చుకున్నాను.

2 సెప్టెంబర్

కొత్త ట్రైనీలకి అదే స్లైడ్. ఈ చేను చూడాలనుంది, ఎక్కడ మేడమ్ అన్నారు.

ఫోటో కిందే ఉంది, చదువుకోండన్నాను.