దిగేటప్పుడు కూల్చాల్సిన రాళ్ళు

అన్నయ్యా,

నువ్వు నెవాడా ఎడారిలో ఈ కొండెక్కి తిరిగి రాక నేటికి ఏడాది. వెతికేవాళ్ళు ఎప్పుడో మానేశారు. ఇవాళ నేనూ వదినా వచ్చాం. ఇక్కడ దారంటూ ఏదీ లేదు. తిరిగొచ్చేటప్పుడు గుర్తుకోసమని నువ్వు పేర్చుకుంటూ వెళ్ళిన రాళ్ళ కుప్పలే మాకు దారి. అవి శిఖరం దాకా ఉన్నాయి, ఒక్కటీ కూలలేదు. పైన గొంతు పోయేదాకా నిన్ను పిలిచాను.

దిగేటప్పుడు వాటిని కూల్చెయ్యాలన్నది నీ నియమమే కదా. "మనం వచ్చినట్టు కొండకి తెలియకూడదురా" అనేవాడివి. అందుకే ఒక్కో కుప్పనీ కాలితో తన్నుకుంటూ దిగాను. నీ మీద కోపం కూడా ఉందిలే. మూడో కుప్ప దగ్గర వదిన నా చొక్కా పట్టుకుని లాగింది.

"ఏం చేస్తున్నవ్ శీనూ? ఇవి పడేస్తే మీ అన్న ఎట్ల దిగొస్తడు?"

పొద్దున కార్‌లో వస్తూ, నీ బట్టలన్నీ డొనేట్ చేసేద్దామన్నది కూడా ఆమే.

మళ్ళీ పైకెక్కి, పడేసినవన్నీ పేర్చాను. నువ్వు పేర్చినదానికన్నా ఎత్తుగా పేర్చాను అన్నయ్యా, చీకట్లో వచ్చినా నీ చేతికి తగలాలని.

శీను