ఆకుపచ్చ వైరు

జూన్ 3, మంగళవారం

చిహారు పై పెదవి మళ్ళీ ఎర్రగా కమిలింది. అడిగితే, తకోయాకి ఉండ వేడిగా ఉన్నప్పుడే నోట్లో పెట్టేసుకున్నాను బామ్మా, అంది. ఇరవై రెండేళ్ళొచ్చిన నా మనవరాలికి ఊదుకుని తినడం తెలియదట. ముప్ఫై ఎనిమిదేళ్ళు హమమత్సు హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పాను. హోంవర్క్ ఎందుకు చేయలేదో కొన్ని వేలమంది చెప్పగా విన్నాను. ఈ సాకు వాటన్నిటికన్నా నాసిరకం.

జూన్ 5, గురువారం, సాయంత్రం 4

కుసునోకి వచ్చాడు, గుబురు మీసం వేసుకుని. పాత ఆంప్లిఫయర్లు బాగుచేసి అమ్ముకుంటాడు. ఒకప్పుడు నా క్లాసులో కరెంటు పాఠంలో ముప్ఫై ఒక్క మార్కులు తెచ్చుకున్నాడు. ఇప్పుడు ఆ కరెంటు మీదే బతుకుతున్నాడు.

చిహారుకి బేస్ గిటార్ ఆంప్ ఇచ్చింది ఇతనే. ట్యూబులది, అమెరికాది, అతనికన్నా వయసులో పెద్దది. కిందనున్న స్పీకర్ పెట్టె మా ఫ్రిజ్ అంత ఉంటుంది. మే నెలలో అది మా ఆయన క్షవరశాలలోకి వచ్చింది. (ఆయన పోయాక అది చిహారు బ్యాండు ప్రాక్టీస్ గది. కుర్చీలు తీసేశారు, అద్దాలూ తలలు కడిగే బేసిన్లూ ఉన్నాయి.) పెదవి కమలడం కూడా మే నెలలోనే మొదలైంది.

ఇవాళ అద్దంలోంచి కనిపెట్టి చూశాను. ఆంప్ గుయ్యిమంటోంది. కుసునోకి ప్లగ్గు పీకి, తిరగేసి, మళ్ళీ గుచ్చాడు. రొద తగ్గింది. చూశారా టీచరమ్మగారూ, అని ఇకిలించాడు. ఈ ఊళ్ళో బ్యాండు వాళ్ళందరికీ ఇదే అలవాటు. ఎందుకు తగ్గిందిరా అంటే, అనుభవమండీ, అన్నాడు.

ముప్ఫై ఒక్క మార్కుల అనుభవం.

జూన్ 6

అనుమానాలు రెండు. ఒకటి ఆ ఆంప్ మీద. రెండోది కుసునోకి మీసం మీద.

జూన్ 8, ఆదివారం

మీసం నిర్దోషి.

పొద్దుటి నుంచీ వాన. ప్రాక్టీస్ జరుగుతుంటే టీ పట్టుకెళ్ళే నెపంతో గుమ్మంలో నిలబడ్డాను. చిహారు వాయిస్తూ పాడుతుంది. చేతులు తీగల మీద, పెదవి మైకుకి తగిలీ తగలగానే తల వెనక్కి విసిరినట్టయింది. డ్రమ్ములు వాయించే పిల్ల కిసుక్కున నవ్వి, మళ్ళీ కరిచిందా, అంది.

మళ్ళీ! అందరికీ తెలుసన్నమాట, ఇంటి పెద్దదానికి తప్ప.

వెళ్ళి మెయిన్ ఆపేశాను. చిహారు చిందులు తొక్కింది. కాస్త చురుక్కుమంటుంది అంతే బామ్మా, అందరికీ తగిలేదే, రాద్ధాంతం చెయ్యకు, ఇరవై రెండున ప్రోగ్రామ్ పెట్టుకుని ఈ గోలేమిటి, అంది. కాయితం తీసి మనిషి బొమ్మ గీశాను. పెదవి దగ్గర ఒక చుక్క, చేతి దగ్గర ఒక చుక్క, రెంటికీ మధ్య గీత. ఆ దారిలో ఏముందో చెప్పమన్నాను.

బొమ్మ వంక చూసి గిటార్ మెడలోంచి తీసేసింది. గుండె అక్కడే ఉంటుందని నాలుగో క్లాసులోనే తెలుసు దానికి.

జూన్ 9, సోమవారం

చదివాను. ఇలాంటి పాత ఆంపుల్లో కరెంటు లైనుకీ ఇనప పెట్టెకీ మధ్య ఒక కెపాసిటర్ ఉంటుంది. ముసలిదైతే కారుతుంది. ప్లగ్గు ఎటు తిప్పి గుచ్చామన్నదాన్ని బట్టి ఆ కారడం హెచ్చుతుంది, తగ్గుతుంది. పెట్టెలోకి వచ్చిన కరెంటు గిటార్ తీగల్లోకీ వస్తుంది. మైకు మిషను ప్లగ్గు వంటింట్లో ఉంది, దాని ఎర్త్ భూమిలోకి ఉంది. ఒక పక్క కరెంటు, ఒక పక్క భూమి, మధ్యలో వంతెన నా మనవరాలు. ఆ కెపాసిటర్ పూర్తిగా చచ్చిందంటే గోడలోని వంద వోల్టులూ పిల్ల మీదుగానే పోతాయి.

స్పీకర్లలో తప్పు లేదు. ఎనిమిది ఓముల ఆంపుకి ఎనిమిది ఓముల పెట్టె.

మిగిలింది ఎర్త్. మూడు కాళ్ళ ప్లగ్గు మన గోడల్లోని రెండు కన్నాలకి పట్టదు కాబట్టి రెండు కాళ్ళ అడాప్టరు తగిలిస్తారు. దాని పక్కనుంచి తోకలా వచ్చే ఆకుపచ్చ వైరే ఎర్త్. ఊళ్ళో అందరూ దాన్ని వేలాడేసి వదిలేస్తారు. కుసునోకీ అంతేనని టార్చి వేసి చూశాను. వేలాడటం లేదు. బేసిన్ పక్కన గోడకున్న ఎర్త్ స్క్రూకి బిగించి ఉంది.

అనుమానం రెట్టింపయింది. వాడు ఇంత శుభ్రంగా పనిచేసే రకం కాదు. నేను చూస్తానని ముందే అనుకుని చేసినట్టుంది.

ఫోన్ చేసి, నా గుమ్మం తొక్కొద్దన్నాను. ఎర్త్ మొదటి రోజే బిగించాను టీచరమ్మగారూ, మీరు చెప్పిన పాఠమే కదా, అన్నాడు. పెట్టేశాను.

జూన్ 11, బుధవారం

లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ని పిలిచాను. పేరు హిబినో. వంటింటి ఎర్త్ మీద మీటరు పెట్టి, బంగారంలా ఉందమ్మా, అన్నాడు. క్షవరశాల స్క్రూ మీద పెట్టాడు. మీటరు ఏమీ చెప్పలేదు. వైరు వెంబడే బేసిన్ కిందకి పాకాడు.

ఆ వైరు నీళ్ళ పైపుకి చుట్టి ఉంది. పూర్వం అంతా అలాగే చేసేవారు. ఇనప పైపు ఎలాగూ భూమిలోకి వెళ్తుంది. ఇక్కడ ఇనుము జానెడే ఉంది. దాని కింద బూడిద రంగు వినైల్ పైపు. అందులోంచి కరెంటు పోదు.

పైపులు ఎప్పుడు మార్పించారమ్మా, అని కిందనుంచే అడిగాడు.

పోయిన నవంబరులో. తుప్పు నీళ్ళొస్తున్నాయని. వినైల్ వేయమన్నది నేను. దగ్గరుండి వేయించిందీ నేను. తుప్పెలా పడుతుందో ప్లంబరుకి గంటసేపు పాఠం కూడా చెప్పాను.

జూన్ 12, గురువారం

వెనక హైడ్రాంజియా మొక్క పక్కన హిబినో కొత్త ఎర్త్ కోసం రాగి కడ్డీ దిగ్గొట్టాడు.

నేను యోకాన్ మిఠాయి పెట్టె పట్టుకుని కుసునోకి కొట్టుకి వెళ్ళాను. క్షమాపణగా వంగాను. అతను ఇంకా కిందకి వంగాడు. నా నడుము అంతకన్నా వంగదు. తప్పు నాదేనండీ, అన్నాడు. బయట ఇంకెక్కడైనా అయితే టెస్టర్ పెట్టి చూసేవాణ్ణి, టీచరమ్మగారి ఇంట్లో ఎర్త్ ఉండదని ఎలా అనుకుంటాను, అన్నాడు.

ఇంతకన్నా పెద్ద తిట్టు నేను పడలేదు.

సాయంత్రం అతను వచ్చి ముసలి కెపాసిటర్ కత్తిరించి కొత్తది వేశాడు. చిహారు టార్చి పట్టుకుంది.

జూన్ 14, శనివారం

మూడింటికి ప్రాక్టీస్. టెస్టర్ సున్నా చూపించింది. నేను నమ్మలేదు.

చిహారు రాకముందే అన్నీ ఆన్ చేసి, తీగల మీద చెయ్యి వేసి, మైకుకి పెదవి ఆనించాను. చురుక్కుమనలేదు. ఇనుము రుచి. కొంచెం లిప్‌స్టిక్.

ప్లగ్గు తిరగేసి, మళ్ళీ ఆనించాను.