తొలి బజ్జీ పొయ్యికే

అవ్వా, నువ్వు పోయి నేటికి ఏడాది. తెలంగాణ కోసం ఈరోజు జనగామ రోడ్డు మీద మా యూనివర్సిటీ పిల్లలం వంటావార్పు చేశాం. మిర్చి బజ్జీలు నేనే వేశాను. నర్మెట్ట బస్టాండులో బజ్జీలమ్మేటప్పుడు బోణీకి ముందు నువ్వు చేసినట్టే తొలి బజ్జీ పొయ్యి మంటలో వేస్తుంటే, కామర్స్ సార్ చూశారు.

"గిది బేరం చేసేటోళ్ల చెయ్యి. సదువైనంక దుకాణం పెడ్తవా?"

"తెలంగాణ వస్తే అందరికీ కొలువులే సార్, దుకాణమెందుకు?" అని దోస్తులు నవ్వారు.

పెడతానని చెప్పాలనే ఉంది. కానీ "నా లెక్క పొయ్యి కాడ కూసోకు కొడుకా" అన్న నీ మాట అడ్డొచ్చింది.

"కొలువే చేస్త సార్" అన్నాను.

బాగా అలసిపోయాను. చేతులింకా నూనె వాసనే. కడుక్కోబుద్ధి కావడం లేదు, అవ్వా.